దెబ్బకు పుట్టిన వేడి ఎటు పోతుంది?

(హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు, చిన్న పరిశ్రమల్లో పనిచేసేవాళ్ల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. లోపలికి వచ్చేటప్పుడు మీ అందరికీ రెండేసి బైండింగ్ వైర్ ముక్కలు ఇచ్చారు కదా, స్లాబ్ వేసేటప్పుడు రాడ్లు కట్టే తీగ. ఒక ముక్క తీసుకుని ఒకే చోట అటూ ఇటూ గబగబా ఓ ఆరేడు సార్లు వంచండి. వంచిన వెంటనే ఆ చోటుని పై పెదవికి ఆనించి చూడండి, వేలికన్నా పెదవికి త్వరగా తెలుస్తుంది. చురుక్కుమంది కదా. ఇప్పుడు రెండో ముక్క. దాన్ని కూడా అన్నిసార్లే వంచండి, కానీ ఒక వంపుకీ ఇంకో వంపుకీ మధ్య అర నిమిషం ఆగండి. నేను మాట్లాడుతూ ఉంటాను, మీరు వంచుతూ ఉండండి. చివర్లో పెదవికి ఆనిస్తే ఏమీ తెలియదు, ముందే చెప్పేస్తున్నాను.

రెండు ముక్కల మీదా మీ చెయ్యి చేసిన పని దాదాపు ఒకటే. లోపల పుట్టిన వేడి కూడా దాదాపు అంతే. తేడా ఎక్కడుందంటే, మొదటి ముక్కలో వేడికి బయటపడే టైము దొరకలేదు, రెండో ముక్కలో దొరికింది, తీగ పొడవునా పాకి మీ వేళ్లలోకీ గాలిలోకీ వెళ్లిపోయింది. వేగంగా వంచితే ఎక్కువ వేడి పుడుతుందని చాలామంది అనుకుంటారు. కొంచెం ఎక్కువ పుడుతుంది, నిజమే, ఎందుకంటే వేగం పెరిగితే చాలా లోహాలు కాస్త ఎక్కువగా ఎదురు తిరుగుతాయి, వంచడానికి ఎక్కువ బలం కావాలి. కానీ అసలు కథ అది కాదు. వేగం ముఖ్యంగా చేసేది వేడిని పుట్టిన చోటే పట్టి ఉంచడం. ఈ ఒక్క మాట గుర్తుంటే, లేత్ మీద టైటానియం ఎందుకు సతాయిస్తుందో, ఉక్కు పలకలోంచి గుండు ఎలా బిళ్ల కోసుకుని పోతుందో, రెండూ దాన్నుంచే అర్థమవుతాయి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "రాపిడి వల్లే కదా సార్ వేడి" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. మీరు వంచిన తీగలో ఏది దేనితో రాసుకుంది? బయట ఏదీ రాసుకోలేదు, వేడి లోహం లోపలే పుట్టింది. ఈ గందరగోళం ఈనాటిది కాదు. 1798లో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే ఆయన మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలు తొలిచే చోట ఒక ప్రయోగం చేసి లండన్ రాయల్ సొసైటీకి వివరంగా రాశాడు. కావాలనే మొండి బరమా పెట్టి, గుర్రాలతో తిప్పించి, లోహం చుట్టూ నీళ్లు నింపితే, రెండున్నర గంటల్లో ఆ నీళ్లు మరిగాయి. నిప్పు లేకుండా నీళ్లు మరగడం చూసి చుట్టూ ఉన్నవాళ్లు నోరెళ్లబెట్టారని ఆయనే రాసుకున్నాడు. వేడి అనేది లోహంలో దాక్కున్న ద్రవం కాదు, కదలిక లాంటిదేదో అయ్యుండాలి అని ఆయన తేల్చింది చాలా పెద్ద మాట. ఆయన దాన్ని రాపిడి వేడి అన్నాడు, మనం ఈరోజు చూస్తే అందులో మంచి భాగం బరమా కింద నలిగిపోయిన లోహం లోపల పుట్టిన వేడే. ఆ మాటకొస్తే రాపిడి అని మనం పిలిచేదాంట్లో కూడా చాలాసార్లు జరిగేది ఇదే, రెండు ఉపరితలాల మీద ఉండే చిన్న చిన్న గుబ్బలు ఒకదాన్నొకటి నలిపేసుకోవడం.

ఇంకో సంగతి, ఇది వింటే కొంతమంది నమ్మరు. లోహాన్ని శాశ్వతంగా వంగిపోనంత మేరకే, అంటే వదిలితే మళ్లీ యథాస్థితికి వచ్చేంత మేరకే గభాలున లాగితే, అది వేడెక్కదు, చల్లబడుతుంది. ఉక్కును 200 మెగాపాస్కల్స్ దాకా, అంటే చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల బలం పడేదాకా లాగితే సుమారు 0.2 డిగ్రీలు తగ్గుతుంది, వదిలితే ఆ వేడి తిరిగి వస్తుంది. రబ్బర్ బ్యాండుది దీనికి తలకిందులు, చటుక్కున లాగితే వెచ్చబడుతుంది. లోహం లొంగిపోయి, శాశ్వతంగా ఆకారం మారడం మొదలైన క్షణం నుంచీ మాత్రం వేడి పుడుతూనే ఉంటుంది, వెనక్కి వంచినా సరే, ముందుకు వంచినా సరే.

ఎందుకు? లోహం అంటే పరమాణువులు వరసల్లో సర్దుకున్న స్ఫటికాలు. ఒక వరస మొత్తం పక్క వరస మీదుగా ఒకేసారి జరగాలంటే కావాల్సిన బలం, నిజంగా లోహం లొంగే బలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మరి అంత తక్కువ బలానికి ఎలా లొంగుతోంది? 1934లో జెఫ్రీ టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు విడివిడిగా ఒకే జవాబు దగ్గరికి వచ్చారు. వరసలో ఎక్కడో ఒక లోపం ఉంటుంది, ఆ లోపం ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకుతుంది, దాంతో వరస ఒక అడుగు జరుగుతుంది. ఈ లోపాన్నే డిస్‌లొకేషన్ అంటారు. పెళ్లి పందిట్లో పరిచిన పెద్ద జంపఖానాను ఒక్కసారే ఈడ్వలేం గానీ, ఒక చివర ముడత లేపి ఆ ముడతను అవతలి చివరదాకా తోసుకుంటూ పోతే జంపఖానా మొత్తం జానెడు జరుగుతుంది, అలాగన్నమాట. ఆ ముడతలు పరమాణువుల మధ్య నుంచి పోతున్నప్పుడు దారి పొడవునా పరమాణువులను కుదిపేస్తూ పోతాయి. పరమాణువుల కుదుపే వేడి. ముడతలు ఒకదానికొకటి అడ్డంపడి చిక్కుబడితే లోహం గట్టిపడుతుంది, అందుకే మీ తీగ రెండోసారి వంచేటప్పుడు అదే చోట మొరాయించింది. డిస్‌లొకేషన్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కళ్లారా చూసింది 1956లో, అంటే ఊహకీ రుజువుకీ మధ్య ఇరవై రెండేళ్లు.

పనిలో ఎంత భాగం వేడి అవుతుంది? ఈ లెక్క కూడా టేలరే పట్టుకున్నాడు. 1925లో ఫారెన్‌తో కలిసి, తర్వాత 1934లో క్విన్నీతో కలిసి, లోహపు కడ్డీలను సాగదీసి, మెలితిప్పి, పెట్టిన పనినీ పుట్టిన వేడినీ విడివిడిగా కొలిచాడు. సుమారు 90 శాతం వేడి అయింది.

ముందు వరసలో ఉన్న అమ్మాయి అడుగుతోంది, "మిగతా పది శాతం ఏమైంది సార్?" అని. మంచి ప్రశ్న తల్లీ. ఆ పది శాతం లోహంలోనే ఉండిపోయింది, ఇందాక చెప్పిన చిక్కుముళ్ల రూపంలో. వంచి గట్టిపడ్డ తీగను కొలిమిలో ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది కదా, అప్పుడు కొత్త స్ఫటికాలు పుట్టడానికి తోడ్పడేది ఆ దాచుకున్న శక్తే. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఈ 90 అనే అంకె పుస్తకాల్లో, సాఫ్ట్‌వేర్లలో రాయి మీద చెక్కినట్టు ఉంటుంది గానీ, నిజానికి అది లోహాన్ని బట్టి, ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అన్నదాన్ని బట్టి మారుతుంది. సిమ్యులేషన్ చేసే పిల్లలు 0.9 అని టైప్ చేసే ముందు ఒక్క క్షణం ఆగండి, మీ లోహానికి ఎవరైనా కొలిచారేమో వెతకండి.

సరే, ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో ఇక్కడే లెక్క కడదాం. పది మిల్లీమీటర్ల ఎత్తున్న ఉక్కు ముక్కను ఒక్క దెబ్బకు ఆరు మిల్లీమీటర్లకు అణిచామనుకోండి. వికృతి, అంటే ముక్క తన కొలతతో పోలిస్తే ఎంత మారిందన్నది, ఎత్తు తగ్గుతున్నకొద్దీ అప్పటి ఎత్తుతో పోల్చుకుంటూ కూడితే సుమారు 0.5. ఆ ఉక్కు ప్రతిబలం, అంటే ఒక్కో చదరపు మీటరుకు అది ఎదురు తిరిగే బలం, 600 మెగాపాస్కల్స్ అనుకుందాం. రెండూ గుణిస్తే ఘనపు మీటరుకు 300 మెగాజౌల్స్ పని. అందులో 90 శాతం, 270. ఘనపు మీటరు ఉక్కును ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 3.6 మెగాజౌల్స్ కావాలి. భాగించండి. 75 డిగ్రీలు. రాగి అయితే దాని బలం ఇందులో సగం అనుకుందాం, 40 లోపే. ఏరోస్పేస్ వాళ్లు ఎక్కువగా వాడే, ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వనేడియం ఉన్న టైటానియం మిశ్రమంలో వికృతి 0.3 దగ్గరే 110 డిగ్రీల దాకా పోతుంది.

75 డిగ్రీలకు ఉక్కుకేమవుతుంది, ఏమీ కాదు అంటారా? ముక్క అంతటా సమానంగా పెరిగితే నిజంగానే ఏమీ కాదు. చిక్కంతా అది సమానంగా ఉండకపోవడంలోనే ఉంది.

వేడి పాకడానికి టైము కావాలి. సుత్తి దెబ్బ లోహాన్ని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు అనుకుందాం. అంతసేపట్లో ఉక్కులో వేడి పాకగలిగే దూరం మిల్లీమీటరులో పదో వంతు. టైటానియంలో అందులో సగం. రాగిలో ఉక్కుకు మూడింతలు. ఇంటర్‌లో స్థిరోష్ణక ప్రక్రియ అని చదివారే, వాయువును సిలిండర్లో గభాలున నొక్కితే వేడి బయటికి పోలేక ఉష్ణోగ్రత పెరగడం, సరిగ్గా అదే ఇక్కడ గట్టి లోహంలో జరుగుతోంది.

ఇప్పుడు లోపల ఒక పోటీ మొదలవుతుంది. సాగినకొద్దీ లోహం గట్టిపడుతుంది, వేడెక్కినకొద్దీ మెత్తబడుతుంది. గట్టిపడటం గెలుస్తున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది, ఎందుకంటే ఒక చోట ఎక్కువ సాగితే ఆ చోటు గట్టిపడి, పక్క చోటు సాగాల్సి వస్తుంది, అలా వికృతి అంతటా సర్దుకుంటుంది. ఏదో ఒక క్షణాన మెత్తబడటం పైచేయి అయిందంటే లెక్క తిరగబడుతుంది. ఎక్కడో ఒక చోట, ఓ చిన్న మలినం దగ్గరో, గీత దగ్గరో, కాస్త ఎక్కువ సాగుతుంది, ఆ చోటు కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, ఇంకా మెత్తబడుతుంది, కనక ఇంకా సాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, పక్కనున్న లోహమంతా చల్లగా, గట్టిగా, చోద్యం చూస్తున్నట్టు ఉండిపోతే మొత్తం కదలిక ఆ ఒక్క సన్నని పొరలోకి వచ్చి పడుతుంది. దీన్ని అడియబాటిక్ షియర్ బ్యాండ్ అంటారు, వేడి బయటికి పోలేక లోహం కోసుకుని జారిన పట్టీ అన్నమాట. వెడల్పు వెంట్రుకకన్నా తక్కువ. 1944లో జీనర్, హాలొమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఉక్కు పలకను పంచ్‌తో కొట్టి చూస్తే కనిపించిన పొర వెడల్పు సుమారు 32 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లోపల వికృతి వందకు చేరి ఉంటుందనీ, ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీల దాకా పెరిగి ఉంటుందనీ వాళ్లు అంచనా కట్టారు. 0.5 వికృతికి 75 డిగ్రీలు అన్నాం, వందకు ఆ లెక్కన ఎక్కడికో పోవాలి కదా అని మీకు అనుమానం రావాలి. పోదు, ఎందుకంటే వేడెక్కినకొద్దీ ప్రతిబలం పడిపోతుంది, మెత్తటి లోహాన్ని సాగదీయడానికి పెద్దగా పని అక్కర్లేదు. పైగా అంత సన్నని పొర నుంచి వేడి పక్కకు పారడానికి మైక్రోసెకన్లు చాలు.

ఈ పొరలను మొదట గమనించినది మాత్రం చాలా ముందే, ట్రెస్కా అనే ఫ్రెంచ్ ఇంజనీరు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయన పేరూ ఉంది. పారిస్‌లో ప్లాటినం కడ్డీని ఆవిరి సుత్తితో సాగగొడుతున్నారు. కడ్డీ చల్లారి, ఎరుపు అప్పుడే పోయింది. సుత్తి పడ్డ ప్రతిసారీ కడ్డీ పక్క ముఖం మీద గుణకారం గుర్తు ఆకారంలో రెండు గీతలు ఎర్రగా వెలిగి ఆరిపోయేవి. 1878లో దాన్ని ప్రచురించాడు. మామూలు లోహాల్లో ఇది కంటికి కనపడదు గనక, కడ్డీ పక్కల మైనం పూసి సుత్తితో కొట్టాడు. మైనం కరిగిన మేర చూసి ఎంత వేడి పుట్టిందో లెక్క కట్టాడు. థర్మల్ కెమెరా లేని రోజుల్లో ఇంతకన్నా తెలివైన పద్ధతి నాకు తెలియదు.

ఆ గుణకారం గుర్తు ఈరోజుకీ ఫోర్జింగ్ షాపులో, అంటే లోహాన్ని కొట్టి, నొక్కి మలిచే చోట ఉంది. టైటానియం ముక్కను రెండు డైల (అచ్చుల) మధ్య అణిచి, అడ్డంగా కోసి, పాలిష్ చేసి చూడండి, లోపల అదే ఇంటూ గుర్తు. మన కంచన్‌బాగ్‌లో 1973 నుంచి మిధాని ఉంది, టైటానియం మిశ్రమాలు, సూపర్ అల్లాయ్‌లు అక్కడ తయారవుతాయి, కాబట్టి ఈ ఊళ్లో మెటలర్జీ చదివేవాళ్లకు ఇది పుస్తకంలో వదిలేసే విషయం కాదు. ఇందాకటి టైటానియం మిశ్రమాన్నే తీసుకోండి. సుమారు 995 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణం పూర్తిగా బీటా అనే రూపంలోకి మారిపోతుంది. ఆ గీత దాటకుండా ఫోర్జ్ చేయాలని ఫర్నేస్‌ను 960 దగ్గర పెట్టారనుకోండి. మీటర్‌లో 960, చార్ట్‌లో 960, అంతా సవ్యంగా ఉంది. దెబ్బ పడ్డాక ఆ ఇంటూ గుర్తు మీద మాత్రం ఇంకో నలభై డిగ్రీలు చేరాయి. అక్కడ గీత దాటేశాం. బయట నుంచి చూస్తే ముక్క బంగారంలా ఉంటుంది, లోపల మాత్రం ఆ మేర వేరే నిర్మాణం, వేరే గుణాలు, పదేపదే భారం పడితే వచ్చే అలసటకు ఓర్చుకునే శక్తి వేరు. ఫర్నేస్ ఉష్ణోగ్రత లోహం ఉష్ణోగ్రత కాదు. ఈ మాట నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే ప్రాసెస్ షీట్‌లో ఫర్నేస్ కాలమ్ ఉంటుంది, ప్రెస్ వేగం కాలమ్ చాలా చోట్ల ఉండనే ఉండదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో అభివృద్ధి చేసిన ప్రాసెసింగ్ మ్యాపులు ఉన్నాయి, ఏ ఉష్ణోగ్రతలో ఏ వేగానికి లోహం నిలకడగా పారుతుంది, ఎక్కడ ఇలా పొరలు కడుతుంది అని గీసి చూపిస్తాయి. వాడండి వాటిని.

జీడిమెట్ల నుంచి వచ్చిన అన్న అడుగుతున్నారు, "స్టీల్ జాబ్‌కి స్పీడ్ పెంచినా నడుస్తుంది సార్, టైటానియం జాబ్ వస్తే ఇన్సర్ట్ మూల వెంటనే కాలిపోతుంది, మాల్ తేడానా?" ఇన్సర్ట్ అంటే టూల్‌కి బిగించే కోత బిళ్ల, తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మాల్ తేడా కాదన్నా, అది టైటానియం స్వభావం. రాగి ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు 400 వాట్ల దగ్గర, మామూలు ఉక్కుది 50 దగ్గర, మీ టైటానియం మిశ్రమానిది 7. టూల్ ముందు లోహం సెకనుకు పదివేల నుంచి పది లక్షల వికృతి వేగంతో నలుగుతుంది. ఉక్కులో ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని చిప్, అంటే కోసినప్పుడు ఊడివచ్చే లోహపు పొట్టు, మోసుకుపోతుంది, నీలంగా బయటికొస్తుందే, ఆ నీలం 300 డిగ్రీల గుర్తు. టైటానియంలో వేడి కదలదు, సరిగ్గా టూల్ మొన దగ్గరే పేరుకుంటుంది, చిప్ తాకే మేర కూడా చిన్నది, కాబట్టి భారమంతా ఆ కాస్త మూల మీదే. చిప్ అంచు ఎప్పుడైనా చూశారా? రంపం పళ్లలా ఉంటుంది. ఒక్కో పన్నుకీ మధ్య ఉన్నది ఒక్కో షియర్ బ్యాండ్, అంటే లోహం సాఫీగా పారకుండా విరిగి విరిగి జారింది, ప్రతి జారుకీ టూల్‌కి ఒక కుదుపు. ఏం చేయాలంటే, కార్బైడ్ ఇన్సర్ట్‌తో నిమిషానికి 50, 60 మీటర్లు దాటొద్దు, కూలెంట్ పైనుంచి ధారగా పోస్తే చాలదు, ప్రెషర్‌తో మొన దగ్గరికి కొట్టాలి. వేడి తగ్గుతుందని ఫీడ్, అంటే ఒక్కో చుట్టుకు టూల్ ముందుకు జరిగే మేర, మరీ తగ్గించేస్తారు కొందరు, అది వద్దు, టూల్ కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. ఇంకోటి, ఇది ప్రాణాల సంగతి. టైటానియం చిప్స్ కుప్పపడితే అంటుకుంటాయి. నీళ్లు పోయకండి. పొడి ఇసుక గానీ లోహ మంటలకు ఉండే డి క్లాస్ పౌడర్ గానీ మెషిన్ పక్కనే ఉంచుకోండి, ఎక్కడో స్టోర్ రూమ్‌లో తాళం వేసి కాదు.

చార్మినార్ దగ్గర మిఠాయిల మీద వేసే వెండి రేకు, అదే వరక్, కొట్టేవాళ్లు గంటల తరబడి కొడతారు కదా, వెండి ఎందుకు కాలిపోదు అని చీటీ పంపారు ఎవరో. వెండి మెత్తన, తక్కువ బలానికే సాగుతుంది కనక పుట్టే వేడే తక్కువ. పైగా లోహాల్లో వెండిని మించిన ఉష్ణవాహకం లేదు. ఒక్కో దెబ్బకు సాగేదీ రవ్వంత. దీనికి పూర్తి వ్యతిరేకం పాతకాలపు కమ్మరి విద్య, చాలా దేశాల్లో ఉండేది, సన్నని ఇనప కడ్డీని దాగలి మీద పెట్టి, దెబ్బదెబ్బకూ పావు వంతు తిప్పుతూ, ఊపిరి తిప్పుకోకుండా కొట్టి ఎర్రబడేలా చేసి దాంతో కొలిమి రాజేయడం. తిప్పడంలోనే కిటుకు ఉంది. తిప్పకపోతే రేకులా పరుచుకుని వేడి జారిపోతుంది, తిప్పితే ఆకారం తిరిగి కుదురుతూ అదే లోహం మళ్లీ మళ్లీ నలుగుతుంది.

రక్షణ రంగంలో ఈ విషయం ఎంత ముఖ్యమో ఈ ఊరికి వేరే చెప్పక్కర్లేదు. అర్జున్ ట్యాంకుకు వేసిన కంచన్ కవచం కంచన్‌బాగ్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌లో పుట్టింది, పేరు కూడా ఆ చోటిదే. గట్టి ఉక్కు పలకకు గుండు తగిలినప్పుడు పలక ప్రతిసారీ సాగి చిరగదు, కొన్నిసార్లు గుండు ముందున్న లోహం బిళ్లలా కోసుకుని అవతలికి ఎగిరిపోతుంది, ఆ కోత వేసింది షియర్ బ్యాండే. బిళ్లను కోయడానికి పట్టే శక్తి చాలా తక్కువ, కాబట్టి కవచం ఓడిపోతుంది. మరింత గట్టి లోహం పెడితే మరింత రక్షణ అనుకోవడం ఇక్కడ ప్రమాదం, బలం పెరిగినకొద్దీ ప్రతి సాగుకీ పుట్టే వేడి పెరుగుతుంది, గట్టిపడే శక్తి తరుగుతుంది. గుండు వైపు నుంచి చూస్తే ఇదే గుణం లాభం. యురేనియం గుండు మొన అంచులు షియర్ బ్యాండ్ల వెంట రాలిపోతూ తనంతట తానే పదునెక్కుతూ పోతుంది, మామూలు టంగ్‌స్టన్ మిశ్రమం మొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. యురేనియం వాడకుండా టంగ్‌స్టన్‌కే ఆ గుణం తేవాలని ప్రపంచమంతా చాలా పరిశోధన జరిగింది.

విధ్వంసం గురించే చెప్తే అన్యాయం. బాలాపూర్‌లోని లోహపు పొడుల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐలో కోల్డ్ స్ప్రే మీద పని జరుగుతుంది. లోహపు పొడిని, రేణువు పదుల మైక్రాన్లలో ఉంటుంది, సెకనుకు 500 నుంచి 1000 మీటర్ల వేగంతో పలక మీదికి కొడతారు. కరిగించరు. ఢీకొన్న క్షణంలో రేణువు అంచు విపరీతంగా నలిగి, అక్కడే వేడెక్కి, మెత్తబడి, పైనున్న ఆక్సైడ్ పొర చిట్లి, లోహం లోహాన్ని పట్టుకుంటుంది. అతుక్కోవడానికి అసలు కారణం ఈ మెత్తబడటమా, ఢీకొన్నప్పుడు పుట్టే పీడన తరంగమా అన్నదాని మీద పరిశోధకుల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. అరిగిపోయిన ఖరీదైన భాగాన్ని పారేయకుండా మళ్లీ నింపుకునే పద్ధతి ఇది, మన చిన్న పరిశ్రమలు దీని వైపు చూడాలని నా కోరిక.

ఒక చిత్రమైన విషయం చెప్పి ముగిస్తాను. ఇంతసేపూ వేగం, వేగం అన్నాను. ద్రవ హీలియంలో, అంటే 4 కెల్విన్ల దగ్గర, సున్నాకు దిగువన సుమారు 269 డిగ్రీల సెల్సియస్‌లో, లోహాన్ని చాలా నెమ్మదిగా లాగినా అది సాఫీగా సాగదు, గుక్కలు గుక్కలుగా సాగుతుంది, ఒక్కో గుక్కకూ బలం ధడేలున పడిపోతుంది. 1957లో బాసిన్స్కీ అనే పరిశోధకుడు దీనికి కారణం వేడే అని చూపించాడు. అంత చలిలో వేడేమిటి? అంత చలిలో లోహాల విశిష్టోష్ణం, అంటే కిలో లోహాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన శక్తి, వేల రెట్లు పడిపోతుంది, రాగిది గది ఉష్ణోగ్రత దగ్గర కిలోకు 385 జౌల్స్ అయితే అక్కడ 0.1 మాత్రమే. చిటికెడు పని చాలు, ఆ చోటు పదుల డిగ్రీలు ఎగబాకుతుంది, మెత్తబడుతుంది, జారుతుంది. సూపర్ కండక్టింగ్ మాగ్నెట్ల చుట్టూ కట్టే ఉక్కు చట్రాలు డిజైన్ చేసేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

ఆ పక్క టేబుల్ మీద మైక్రోస్కోపు పెట్టాం. మొదటి శాంపిల్ టైటానియం చిప్, రెండోది పంచ్ కొట్టిన ఉక్కు, నైటాల్ అనే ఆమ్ల ద్రావణంతో ఎచ్ చేశాం, అంటే పైపొరను కాస్త కరిగించాం, తెల్లటి గీత కనిపిస్తుంది చూడండి, అదే బ్యాండ్. అది చుట్టూ ఉన్న ఉక్కుకన్నా గట్టిగా ఉంటుంది, క్షణంలో వేడెక్కి పక్కనున్న చల్లటి లోహం వల్ల క్షణంలో చల్లారిపోయింది కనక, పగులు కూడా తరచూ దాని వెంటే పోతుంది. ఐదేసి మంది రండి, ఫోకస్ నాబ్ మెల్లగా తిప్పండి, లెన్స్ శాంపిల్‌కి తగలనివ్వకండి. ప్రశ్నలు అక్కడే అడగండి, నేను టేబుల్ దగ్గరే ఉంటాను.